బెత్తెడు

మంగళవారం రాత్రి ఏడింటికి మీటింగు.
మడత కుర్చీలు పద్దెనిమిది వేశాను.
తొమ్మిది మంది వచ్చారు, అందులో ఇద్దరు
బయట చలికి.

అయోవాలో పదమూడు వందల గడప లేని ఊరికి
నేను గుమాస్తాని.
మాట్లాడను, రాస్తాను.
ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో,
ఎన్ని చేతులు లేచాయో.
దగ్గులు రాయను. నిట్టూర్పులకి గడి లేదు.

మొదటి అంశం రోడ్డు.
కొత్త ఇళ్ళ నుంచి ధాన్యం ఎలివేటరు దాకా మైలున్నర.
ఇంజనీరు గోడ మీద రెండు గీతలు చూపించాడు.
ఎర్రది ఓస్టర్‌కాంప్ వాళ్ళ మొక్కజొన్న చేలో
పాపిట తీసినంత తిన్నగా.
నీలంది వాగు ఒడ్డునే మెలికలు తిరిగి
నాలుగు లక్షల డాలర్లు ఎక్కువ.
నీలానికి వర్లా క్లాసెన్ ఒక్కతే చెయ్యెత్తింది.
ఆవిడ ఎప్పుడూ ఎత్తుతుంది.
చేను అమ్మినవాడు వెనక వరసలో
టోపీ ఒళ్ళో పెట్టుకుని
దాని అంచు చుట్టూ వేలు తిప్పుతూ కూచున్నాడు.

రెండో అంశం మట్టి.
ఇల్లు కట్టినవాడు గీకి తీసిన పైమట్టిని
తిరిగి పరచాలి,
నాలుగంగుళాలకి తగ్గకూడదు. ఇది పాత నిబంధన.
అంటే బెత్తెడు.
వేళ్ళు నాలుగూ దగ్గరగా పెట్టి
నేల పక్కన ఆనించి చూస్తే సరిపోయే కొలత,
టేపు అక్కర్లేదు.
అది కొట్టేసి
"వీలైనంత మేరకు" అని రాయమంటున్నారు.

బిల్డర్ల తరఫు మనిషి మర్యాదగా మాట్లాడాడు.
ఇంటికి మూడు వేల ఐదు వందలు మిగులుతాయి, అన్నాడు.
కొత్తగా పెళ్ళైన జంటల సంగతి ఆలోచించండి, అన్నాడు.
అబద్ధం కాదు.
ముందు వరసలో ఒక జంట ఉంది,
పసిపిల్ల బల్ల కాలు కొరుకుతోంది.

అప్పుడు లేచాడు ఆర్లో హవ్లిచెక్, ఎనభై మూడేళ్ళు.
ఐస్‌క్రీం డబ్బా తెచ్చి
మేయరు కాగితాల మీద పెట్టి మూత తీశాడు.
గది అంతా
వాన వెలిసిన వాసన.

"మా తాత నాగలి దించినప్పుడు ఇది రెండడుగులు.
మా నాన్న నాటికి అడుగు.
నా నాటికి
అడుగు కనిపిస్తోంది" అన్నాడు.

ఇంకేదో చెప్పబోయాడు.
పౌరులకి మూడే నిమిషాలు.
గంట నొక్కాల్సింది నేను.
నొక్కాను.

ముగ్గురు అవును, ఇద్దరు కాదు.
రాశాను.

కుర్చీలు మడుస్తుంటే చూశాను,
డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

ఒక మాట నేను లేచి చెప్పాల్సింది:
ఆ కొత్త ఇళ్ళలో ఒకటి నాది.
నిబంధన ఉన్న రోజుల్లోనే కట్టారు,
కొలవడానికి మాత్రం ఎవరూ రాలేదు.
పెరట్లో గడ్డి, చాప పరిచినట్టు పరిచి వెళ్ళారు.
పార వేస్తే పసుపు జిగురు మన్ను
ఠంగుమంటుంది.
వానొస్తే నీళ్ళు ఇంకవు,
అప్పులవాడిని తప్పించుకున్నట్టు
వీధి కాలవలోకి పరుగెడతాయి.
ఆ తక్కువ వాయిదా మీదే
రెండేళ్ళుగా నిద్రపోతున్నాను.

ఆ రాత్రి మెట్ల పక్కన
గడ్డి కత్తిరించి డబ్బా వంచాను.
బెత్తెడు లోతున
కంచమంత మేర వచ్చింది.
రెండు తులిప్ దుంపలు పట్టాయి.
మూడోది చేతిలో మిగిలింది.

తెల్లారి ఆర్లో ఫోన్ చేశాడు.
"ఆ డబ్బా..."
గుండె జారింది.
"మట్టి కాదమ్మా, డబ్బా. మా ఆవిడది.
కుకీలు పోసుకుంటుంది."

మూడుసార్లు కడిగి ఇచ్చి వచ్చాను.
మట్టి ఏమైందని ఆయన అడగలేదు.
మూత తిప్పి చూసి
అంచు కింద ఇరుక్కున్న నల్లటి రవ్వ
గోటితో తీసి
గుమ్మం ముందు పూలమడిలో దులిపాడు.

మినిట్స్‌లో ఇలా ఉంది:
ఒక పౌరుడు మాట్లాడారు.